ఆగే చోటు, నడిచే దారి: ఇంటి ప్లానులో ప్రవేశాన్ని, నడవను విడివిడిగా చూసుకోవడం ఎలా

ఇంజనీరు గీసిచ్చిన ప్లాను చేతికి రాగానే హాలు ఎంత వచ్చింది, బెడ్‌రూములు ఎన్ని, దేవుడి గది ఈశాన్యంలో పడిందా అని చూస్తాం. వీధి గుమ్మానికీ ఆ గదులకీ మధ్య ఏముందో చూసేవాళ్ళు తక్కువ. గృహప్రవేశం అయిన మర్నాటి నుంచి రోజూ అవస్థ పెట్టేది మాత్రం ఆ మధ్యనున్న జాగానే. చెప్పులు ఎక్కడ విప్పాలో తెలియదు, తలుపు తీస్తే సోఫాకు తగులుతుంది, బెడ్‌రూముకు వెళ్ళే దారి పట్టపగలు కూడా చీకటిగా ఉంటుంది, బీరువా మలుపు తిరగదు.

ఆ జాగాలో రెండు వేర్వేరు రకాలున్నాయి. ఒకటి ప్రవేశం: మనిషి బయటినుంచి వచ్చి ఆగే చోటు. రెండోది నడవ: ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిచిపోయే దారి. ఆగే చోటుకు వైశాల్యం కావాలి, ఒక ఖాళీ గోడ కావాలి. నడిచే దారి పొట్టిగా, తిన్నగా, వెలుతురుగా ఉంటే చాలు. చాలా ప్లానుల్లో ఇది తలకిందులై ఉంటుంది. ప్రవేశాన్ని కుదించేసి, నడవను పొడుగ్గా సాగదీస్తారు. ముగ్గు పోయక ముందే ఈ లెక్క సరిచూసుకోవడం ఎలాగో వరసగా చెబుతాను. ఉదాహరణకు 200 గజాల స్థలం తీసుకుందాం. 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు, రెండు బెడ్‌రూముల ఇల్లు. మన ఊళ్ళలో చాలామంది కట్టుకునే కొలత ఇది.

1. ముందు ప్లాను మీద రంగులు వేయండి

ప్లాను జెరాక్సు రెండు కాపీలు తీయించండి, రెండు రంగుల పెన్సిళ్ళు తెచ్చుకోండి. గదులను వదిలేయండి. మిగిలిన ప్రతి జాగా దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇక్కడికి వచ్చిన మనిషి ఆగుతాడా, దాటిపోతాడా? ఆగే చోటుకు పచ్చ రంగు, దాటిపోయే చోటుకు ఎర్ర రంగు వేయండి.

ప్లాను మీద రాసిన పేర్లను పట్టించుకోకండి. సిట్‌అవుట్ అని రాసి ఉన్నది మూడడుగుల లోతే ఉంటే అందులో ఎవరూ కూర్చోరు, అది మెట్లకూ గుమ్మానికీ మధ్య దారి మాత్రమే. ఎర్ర రంగు వేయండి. ఫోయర్ (గుమ్మం లోపలి ముందు జాగా) అని అందంగా రాసిన నాలుగడుగుల చదరంలోకి మూడు తలుపులు తెరుచుకుంటుంటే అదీ దారే.

హాలును కూడా వదలకండి. వీధి గుమ్మం నుంచి వంటింటి గుమ్మానికి, అక్కడినుంచి బెడ్‌రూము గుమ్మానికి, పెరటి గుమ్మానికి గీతలు గీయండి. అవి హాలు అంచు వెంట పోతున్నాయా, నడిమధ్యలోంచి అడ్డంగా పోతున్నాయా చూడండి. 12 × 16 అడుగుల హాల్లో ఈ మూలనుంచి ఆ మూలకు దారి పోతే దాని పొడవు 20 అడుగులు. మూడడుగుల వెడల్పు లెక్కేసినా 60 చదరపు అడుగులు పోయాయి. హాలు మొత్తం 192. అంటే దాదాపు మూడో వంతులో కుర్చీ వేసుకోవడానికి లేదు. "హాలు పెద్దదేగానీ సోఫా ఎక్కడ వేయాలో తెలియట్లేదు" అని బాధపడే ఇళ్ళలో అసలు సంగతి ఇది. నడవ లేకుండా కట్టామని సంతోషపడితే, హాలే నడవ అయిపోయిందన్నమాట.

2. గుమ్మం దగ్గర మీ ఇంట్లో ఏం జరుగుతుందో రాసుకోండి

ఏ పత్రికలోనో చూసిన ఫోటోను ముందు పెట్టుకోకండి, మీ ఇంటి అలవాటు రాసుకోండి. చెప్పులు విప్పడం. కాళ్ళు కడుక్కోవడం. గొడుగు, హెల్మెట్ పెట్టడం. తాళం తీస్తూ చేతిలో సంచులు దించడం. పాల ప్యాకెట్లు, పార్సిళ్ళు అందుకోవడం. కరెంటు రీడింగుకు వచ్చినవాళ్ళతో, చీటీ డబ్బులకు వచ్చినవాళ్ళతో నిలబడి మాట్లాడటం. పెద్దవాళ్ళు సాయంత్రం పూట కూర్చోవడం. శుక్రవారం గడపకు పసుపు రాసి బొట్లు పెట్టడం. పండక్కి తోరణం కట్టడం. వరలక్ష్మీవ్రతం పేరంటానికి వచ్చినవాళ్ళ చెప్పులన్నీ ఒక్కచోటే చేరడం.

ఇన్ని పనులకు పాత ఇళ్ళలో వీధి అరుగు ఉండేది. అరుగు మీద కూర్చున్న మనిషికి ఇంటివాళ్ళు మంచినీళ్ళిచ్చేవాళ్ళు, కబుర్లు చెప్పేవాళ్ళు. లోపలికి రమ్మనాల్సిన అవసరం ఉండేది కాదు, రమ్మనలేదని వచ్చినవాళ్ళు నొచ్చుకునేదీ లేదు. వీధికీ ఇంటికీ మధ్య అంత మర్యాదైన చోటు మళ్ళీ మనం కట్టుకోలేదు. అరుగు పోయి కాంపౌండు గోడ, గేటు వచ్చాయి. వచ్చిన మనిషిని గేటు బయట నిలబెట్టాలి, లేకపోతే నేరుగా హాల్లో కూర్చోబెట్టాలి. నడుమ చోటు లేదు. కొత్తగా కట్టుకునేవాళ్ళు ఈ చోటును తిరిగి తెచ్చుకోవాలని నా గట్టి కోరిక, అందుకే దీని కొలతలు కాస్త వివరంగా చెబుతున్నాను.

3. గుమ్మం బయట: వసారా కొలతలు

ఎండా వానా ఉన్న మన ప్రాంతాల్లో ఆగే చోటు సగం గుమ్మం బయటే ఉండాలి. అమెరికాలో, కెనడాలో చలి ప్రాంతాలకు వెళ్ళిన మనవాళ్ళు అక్కడ రెండు తలుపుల మధ్య చిన్న గది చూసే ఉంటారు. మొదటి తలుపు మూశాక రెండోది తీస్తే ఇంట్లోని వెచ్చదనం బయటికి పోదు, బూట్లకు అంటిన మంచు లోపలికి రాదు. అక్కడి వాతావరణానికి అది సరైన ప్రవేశం. దాన్ని చూసొచ్చి ఇక్కడ అలాగే మూసేసిన గది కట్టుకుంటే ఉక్కపోత తప్ప దక్కేదేమీ లేదు. మనకు కావలసింది నీడ, గాలి, జల్లు కొట్టని చూరు.

వసారా లోతు ఐదడుగులకు తగ్గనివ్వకండి. కుర్చీ వేస్తే రెండు రెండున్నర అడుగులు పోతాయి. కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు తగలకుండా ముందునుంచి మనిషి నడవాలంటే ఇంకో రెండున్నర కావాలి. నాలుగడుగులు ఇచ్చారంటే కుర్చీ మడిచి మూల పెట్టేస్తారు, ఆ తర్వాత అక్కడ వాటర్ క్యాన్లు చేరతాయి. జాగా మరీ తక్కువైతే కుర్చీల ఆలోచన మానేసి గోడకు ఆనించి అరుగు కట్టించండి. పద్దెనిమిది అంగుళాల ఎత్తు, పదిహేను పద్దెనిమిది అంగుళాల వెడల్పు చాలు. అరుగు కింద బోలుగా వదిలితే చెప్పులు అక్కడే సర్దుకుంటాయి. కూర్చుని చెప్పులు తొడుక్కునే వీలు పెద్దవాళ్ళకు ఎంత ఉపకారమో ఆ వయసు వచ్చినవాళ్ళను అడగండి.

నేల సంగతి. వసారా నేల ఇంటి నేలకన్నా ఒక అంగుళమైనా కిందికి ఉండాలి. నీళ్ళు మెట్ల వైపు జారేలా వాటం పెట్టించండి, ఐదడుగులకు అర అంగుళం పైచిలుకు సరిపోతుంది. నున్నగా మెరిసే గ్రానైటు, పాలిష్ టైల్స్ బయట వద్దు. తడి కాలితో జారితే తుంటి ఎముక విరుగుతుంది. గరుకుగా ఉన్న తాండూరు బండ, మాట్ టైల్స్ మంచివి. మెట్ల పక్కనే రెండడుగుల చదరంలో చిన్న చప్టా కట్టించి, మోకాలి ఎత్తున కుళాయి పెట్టించండి. ఈ కుళాయికి పైపు పునాది దశలోనే వేయాలి, తర్వాత గోడ పగలగొట్టాల్సి వస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే ర్యాంపు ఇప్పుడే ఆలోచించండి. ఒక అడుగు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు కావాలన్నది మామూలుగా పాటించే లెక్క. మీ బేస్‌మెంటు ఒకటిన్నర అడుగుల ఎత్తు ఉంటే ర్యాంపుకు పద్దెనిమిది అడుగులు. ముందువైపు అంత చోటు దొరకదు. ఇంటి పక్కన వదిలిన సెట్‌బ్యాకు వెంట ర్యాంపు తెచ్చి వసారా పక్కనుంచి కలిపితే కుదురుతుంది. వసారా కట్టేశాక తట్టే ఆలోచన కాదిది.

4. గుమ్మం లోపల: ఐదు అడుగుల చదరం

వీధి తలుపు మామూలుగా మూడున్నర అడుగులది. అది లోపలికి తెరుచుకున్నప్పుడు ఆ మూడున్నర అడుగుల పావు చక్రంలో ఇంకేదీ ఉండటానికి లేదు. తలుపు తీసిన మనిషి ఒక అడుగు వెనక్కి వేయాలి. అందుకని గుమ్మం లోపల కనీసం ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఖాళీగా వదలండి. ఐదు ఆరులు అయితే ఇంకా హాయి. చక్రాల కుర్చీ తన చుట్టూ తాను తిరగడానికి కావలసిన 1500 మిల్లీమీటర్లు, అంటే ఐదడుగులు, కూడా ఇందులో వచ్చేస్తుంది.

ఈ చదరానికి ఒక వైపైనా తలుపూ కిటికీ లేని గోడ ఉండాలి. తాళాల కొక్కేలు, హెల్మెట్ అర, పార్సిలు పెట్టడానికి చిన్న బల్ల, బడిసంచులు తగిలించే మేకులు అన్నీ ఆ గోడకే. చెప్పుల స్టాండు లోపల పెట్టుకునే అలవాటుంటే దానికి పద్నాలుగు అంగుళాల లోతు లెక్కేసుకోండి, పన్నెండు ఇస్తే పెద్ద బూట్లు బయటికి పొడుచుకొస్తాయి. స్విచ్చి బోర్డు తలుపు వెనక్కి పోకుండా చూడండి. చీకట్లో తాళం తీసి చెయ్యి చాపగానే స్విచ్చి అందాలి.

ఇప్పుడు చూపు పరీక్ష. ప్లాను మీద వీధి గుమ్మం మధ్యలో వేలు పెట్టి, అక్కడ నిలబడ్డ కొత్త మనిషికి ఏం కనిపిస్తుందో స్కేలుతో గీతలు గీసి చూడండి. బాత్‌రూము తలుపు కనిపిస్తుంటే మార్చండి. మంచం కనిపిస్తుంటే మార్చండి. డైనింగ్ టేబులు కనిపిస్తే అన్నం తింటున్నవాళ్ళు ప్రతి బెల్లుకూ లేస్తారు. ఆ గీతకు అడ్డంగా మూడడుగుల గోడ ముక్క, లేదా చెక్క జాలీ చాలు. గాలి కూడా ఆగిపోకుండా ఉంటుంది కాబట్టి నా ఓటు జాలీకే.

5. నడవను ముందు చెరిపి చూడండి

ఇక ఎర్ర రంగు జాగా. మన 200 గజాల ఇంట్లో మామూలుగా వచ్చే గీత ఇది: ముందు హాలు, హాలు చివరనుంచి వెనక్కి పద్దెనిమిది అడుగుల నడవ, దానికి ఒక పక్క వంటిల్లు, బాత్‌రూము, ఇంకో పక్క ఒక బెడ్‌రూము, చివర్లో రెండో బెడ్‌రూము. మూడున్నర అడుగుల వెడల్పున ఆ నడవ 63 చదరపు అడుగులు. చదరపు అడుగు కట్టడానికి రెండు వేలు అనుకుంటే లక్షా ఇరవై ఆరు వేలు. అక్కడ ఎవరూ కూర్చోరు, పడుకోరు, వండరు.

దాన్ని పూర్తిగా తీసేయమని నేననను. బెడ్‌రూము తలుపు నేరుగా హాల్లోకి తెరుచుకుంటే చుట్టాలొచ్చిన రోజు ఇంట్లో ఆడపిల్లకు బట్టలు మార్చుకుని బయటికి రావడం కూడా ఇబ్బందే. నడవ ఇచ్చేది ఆ చాటు. ఆ చాటుకు పద్దెనిమిది అడుగులు అక్కర్లేదు. రెండు బెడ్‌రూములు, బాత్‌రూము గుమ్మాలు మూడూ ఒకే చిన్న చౌకంలోకి వచ్చేలా గదులు జరపమని ఇంజనీరును అడగండి. నాలుగు ఐదులు, 20 చదరపు అడుగులతో ఆ పని అయిపోతుంది. వంటిల్లు డైనింగ్ వైపు తిరుగుతుంది, దానికి నడవతో పని లేదు.

63లో 20 పోను 43 చదరపు అడుగులు మీ చేతికొచ్చాయి. గుమ్మం లోపల నేను చెప్పిన ఐదు ఆరుల చదరానికి 30 చాలు. ఇంకా 13 మిగిలాయి, దేవుడి అలమరకో, బీరువా గూటికో వాడుకోండి. ఇంటి కొలత ఒక్క అంగుళం పెరగలేదు. "మా స్థలం చిన్నది, ప్రవేశానికి చోటెక్కడిది" అని అడిగేవాళ్ళందరికీ నేను చూపించేది ఈ లెక్కే. ఆ చోటు నడవలో ఇరుక్కుని ఉంది.

గదులు జరపడం కుదరని స్థలాలూ ఉంటాయి. ఇరవై అడుగుల ముఖం, డెబ్భై అడుగుల లోతు ఉన్నచోట పొడుగు నడవ తప్పదు. అలాంటప్పుడు ఆ నడవతో ఇంకో పని చేయించండి: గాలి. కోస్తా పాత ఇళ్ళలో వీధి గుమ్మం, మధ్య గుమ్మాలు, పెరటి గుమ్మం ఒకే వరసలో ఉండేవి. వీధిలో నిలబడితే పెరట్లో బావి కనిపించేది. తలుపులన్నీ తీస్తే గాలి ఈ చివరనుంచి ఆ చివరకు తోసుకుపోయేది. మీ నడవ చివర్లో గోడ కాకుండా కిటికీనో పెరటి తలుపో ఉండేలా చూడండి.

గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళలో నడవ సంగతి వేరు. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, నాలుగు వైపుల పెంకుల చూరు కిందుగా వసారా, ఆ వసారాలోంచే అన్ని గదులకూ దారి. అది నడిచే దారీ, పప్పు రుబ్బుకుని పిల్లల్ని ఆడించుకునే చోటూ. రెండూ ఎలా కుదిరాయంటే, దానికి వెడల్పుంది, ఒక వైపంతా వెలుతురుంది. దీన్నుంచి కొత్త ఇంటికి ఒక నియమం తీసుకోవచ్చు. నడవను మూడున్నర నాలుగు అడుగుల దగ్గర ఆపండి, లేదంటే ఆరడుగులు దాటించి కిటికీ పెట్టి పిల్లల చదువు బల్ల వేయండి. ఐదడుగుల నడవ నడవడానికి ఎక్కువ, కూర్చోవడానికి తక్కువ.

ఆగే చోటునూ దాటే చోటునూ మన శిల్పులు ఎంత స్పష్టంగా విడదీశారో చూడాలంటే పాలంపేట రామప్ప గుడికి వెళ్ళండి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 1213 నాటిది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మహామండపానికి తూర్పు, ఉత్తరం, దక్షిణం వైపుల ముఖమండపాలు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. ఎండలోంచి మెట్లెక్కి వచ్చిన మనిషికి మొదటి నీడ అక్కడే దొరుకుతుంది. మహామండపానికీ గర్భగుడికీ మధ్య ఉన్న అంతరాళం పని ఇంకొకటి, అది రెండింటినీ కలుపుతుంది. రెండిటినీ ఒకే రోజు దాటి చూసినవాళ్ళకు ఇక నేను కొలతలు చెప్పక్కర్లేదు.

6. నడవ వెడల్పు: కాగితం మీద ఉన్నది చేతికి రాదు

ప్లానులో మూడడుగులు అని ఉంటే అది ఇటుక గోడనుంచి ఇటుక గోడకు. రెండు వైపుల ప్లాస్టరింగ్ అర అంగుళం చొప్పున ఒక అంగుళం తింటుంది. కింద స్కర్టింగ్ టైలు ఇంకో అంగుళం. గోడ కాస్త బొజ్జ కట్టిందంటే, దాన్ని సరిచేయడానికి మేస్త్రీ ప్లాస్టరింగ్ మందంగా కొడతాడు. చివరికి పాదాల దగ్గర మీకు మిగిలేది రెండడుగుల పది అంగుళాలు, అంతకన్నా తక్కువే. ఎదురుగా ఇంకో మనిషి వస్తే ఇద్దరిలో ఒకరు పక్కకు తిరగాలి.

అందుకని పూర్తయ్యాక మూడున్నర అడుగులు మిగలాలని ఇంజనీరుతో చెప్పండి, కాగితం మీద మూడడుగుల ఎనిమిది అంగుళాలు రాయించండి. మూడున్నర ఎందుకంటే బీరువా. మూడడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల లోతు ఉన్న బీరువాకు మూలనుంచి మూలకు కొలత మూడడుగుల నాలుగు అంగుళాలు. నిలబెట్టి తిప్పాలంటే అంత ఖాళీ ఉండాలి. మూడడుగుల నడవలో అది తిరగదు. పడుకోబెట్టి వంచి తోస్తే కొత్త సున్నం గోడలకు గీతలు, గుమ్మం చెక్కకు దెబ్బలు. ఇంట్లో నడవలేనివాళ్ళు ఉన్నా, రేపు ఉంటారనుకున్నా నాలుగడుగులు వేయండి, బెడ్‌రూము, బాత్‌రూము తలుపులు తెరిచాక మూడడుగులు ఖాళీ ఉండేలా గుమ్మాలు చేయించండి. మామూలుగా బాత్‌రూముకు పెట్టే రెండున్నర అడుగుల తలుపులోంచి చక్రాల కుర్చీ పోదు. లోపలి గదులకు గడపలు కూడా వద్దు, అర్ధరాత్రి బాత్‌రూముకు లేచిన పెద్దవాళ్ళ కాలు తగిలేది వాటికే. గడప సింహద్వారానికి ఉంటే చాలు.

7. తలుపులు, దీపాలు

నడవలోకి ఏ తలుపూ తెరుచుకోకూడదు, అన్నీ గదుల్లోకే తెరుచుకోవాలి. మూడున్నర అడుగుల దారిలోకి మూడడుగుల తలుపు తెరిస్తే దారి మూసుకుపోయినట్టే. ఎదురెదురుగా ఉన్న రెండు గదుల గుమ్మాలను కాస్త జరిపి పెడితే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి చూపు పోదు.

నడవకు పగలు దీపం వేయాల్సి వస్తే ప్లానులో తప్పున్నట్టు. చివర్లో కిటికీ కుదరకపోతే గదుల గుమ్మాల మీద అద్దాల వెంటిలేటర్లు పెట్టించండి, గదుల్లోని వెలుతురు ఇటు జారుతుంది. దీపానికి రెండు చివరల స్విచ్చి ఉండాలి. ఇటు వేసి అటు ఆర్పుకునే టూ వే స్విచ్చికి వైరు అదనంగా లాగాలి కాబట్టి గోడల్లో పైపులు వేయక ముందే ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. నేలకు అడుగెత్తున చిన్న రాత్రి దీపం కూడా.

నడవ పైన అటక వేయించుకోవచ్చు. ఇంట్లో అటకకు అన్నిటికన్నా అనువైన చోటు ఇదే, ఎందుకంటే కింద ఎవరూ ఎక్కువసేపు ఉండరు కాబట్టి ఎత్తు తగ్గినా మనసుకు తెలియదు. కింద ఏడడుగులు మాత్రం వదలండి. అదే అటకను ప్రవేశం మీద వేయించకండి. గుమ్మంలోకి అడుగుపెట్టగానే కప్పు నెత్తిమీదికి వచ్చినట్టుంటే ఇల్లంతా చిన్నదైపోతుంది.

ఇంకొక దారి మర్చిపోతారు. 14.2 కిలోల గ్యాస్ సిలిండరు ఏ దారిన వంటింటికి చేరుతుంది? గుమ్మం, హాలు, డైనింగ్ దాటి చెప్పులతో రావాలా? ఇంటి పక్క సందులోంచి వంటింటికి ఒక చిన్న తలుపు ఉంటే సిలిండరు, చెత్తబుట్ట, పనిమనిషి రాకపోకలు అటు నుంచే. మీ నడవకు, హాలుకు బరువు తగ్గుతుంది.

8. ఫ్లాటు కొనేవాళ్ళు చూడవలసినవి

ఫ్లాటులో ఈ రెండు జాగాలు మీ తలుపుకు అటూ ఇటూ చీలిపోతాయి. కింద బిల్డింగు ప్రవేశం, ప్రతి అంతస్తులో లిఫ్టు ముందు జాగా, మీ తలుపు దాకా కారిడారు అందరివీ. ఇళ్ళ అమ్మకాలను నియంత్రించే రెరా చట్టం 2016 మెట్లను, లిఫ్టు ముందు జాగాను, రాకపోకల ద్వారాలను ఉమ్మడి జాగాల్లో చేర్చింది. కార్పెట్ ఏరియా అంటే మీ ఫ్లాటు లోపల వాడుకునే నేల. లోపలి నడవ, గుమ్మం లోపలి చదరం అందులోకి వస్తాయి, లోపలి అడ్డగోడల మందం కూడా వస్తుంది. బాల్కనీ, వసారా, బయటి గోడలు రావు. కాబట్టి రెండు ఫ్లాట్లను పోల్చేటప్పుడు వాటి కార్పెట్ ఏరియాలను పక్కపక్కన పెట్టుకుని, వాటిలోంచి లోపలి నడవను తీసేసి చూడండి. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటులో డెబ్భై చదరపు అడుగుల నడవ ఉన్నదానికన్నా, 960 చదరపు అడుగుల్లో ఇరవై చదరపు అడుగుల చౌకంతో గదులన్నీ సర్దిన ఫ్లాటే మీకు పెద్దది.

సైటుకు వెళ్ళినప్పుడు లిఫ్టు ముందు నిలబడండి. లిఫ్టులోంచి బయటికి వచ్చేవాళ్ళూ, ఎక్కడానికి నిలబడ్డవాళ్ళూ ఒకరినొకరు తోసుకోకుండా ఉండాలంటే ఆ జాగా కారిడారుకన్నా వెడల్పుగా ఉండాలి. అది ఆగే చోటు, కారిడారు నడిచే దారి, రెండూ ఒకే వెడల్పున గీశారంటే ఆలోచించకుండా గీశారని అర్థం. కారిడారు రెండు చివర్ల మూసుకుపోయి ఉందా, ఒక చివరైనా ఆకాశం కనిపిస్తుందా చూడండి. మెట్లకు చేరడానికి మీ తలుపునుంచి ఎన్ని మలుపులో లెక్కపెట్టండి.

కారిడార్లలో చెప్పుల స్టాండ్లు, సైకిళ్ళు, పాత ట్రంకు పెట్టెలు, తులసి కుండీలు పెట్టేది చెడ్డ మనసుతో కాదు. ఫ్లాటు లోపల ప్రవేశానికి చోటు లేక, ఆ పనంతా తలుపు బయటికి వచ్చి పడుతుంది. నిప్పు అంటుకున్న రాత్రి మాత్రం పొగలో, చీకట్లో గోడ పట్టుకుని మెట్లు వెతుక్కునే మనిషి కాలికి మొదట తగిలేది ఆ స్టాండే. మీ ఫ్లాటులో గుమ్మం లోపల ఐదడుగులు లేకపోతే హాలు సోఫాను ఒక అడుగు జరిపైనా గోడకు సన్నగా, తలుపు కిందికి వాలేలా తెరుచుకునే చెప్పుల అలమర బిగించండి. ఏడెనిమిది అంగుళాల లోతులోనే చెప్పులు నిలువుగా పట్టేవి ఇప్పుడు దొరుకుతున్నాయి.

9. నేల మీద గీసి నడవండి

మార్పులన్నీ అయ్యాక కొత్త ప్లాను తీసుకుని ఖాళీ స్థలానికి వెళ్ళండి. ముగ్గుతో వసారా, గుమ్మం లోపలి చదరం, నడవ, గుమ్మాలు అసలు కొలతలతో గీయించండి. గోడల మందం కూడా గీయాలి, లేకపోతే అంతా విశాలంగా కనిపించి మోసపోతారు. రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని వీధినుంచి వంటింటి దాకా నడవండి. ఇద్దరు ఎదురెదురుగా నడవండి. వసారా గీతల్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి కూర్చుని, మూడో మనిషిని ముందునుంచి పొమ్మనండి. ఇంట్లో పెద్దవాళ్ళను తప్పకుండా తీసుకెళ్ళండి, వాళ్ళ అడుగు ఎక్కడ తడబడుతుందో మీకు ప్లానులో కనిపించదు.

గోడలు లేచేటప్పుడు మొదటి రెండు వరసల ఇటుకలు పడ్డాక టేపు పట్టుకుని మళ్ళీ కొలవండి. ఆ దశలో నడవ మూడు అంగుళాలు తగ్గినా పొద్దున్నే తీసి సాయంత్రానికి సరిగా కట్టేస్తారు. శ్లాబు పడ్డాక అదే పనికి ఎవరూ ఒప్పుకోరు.

గుమ్మాలు నిలబెట్టే రోజు అందరి ధ్యాసా సింహద్వారం పూజ మీద ఉంటుంది. లోపలి గుమ్మాలను కూడా ఒక్కొక్కటిగా చూడండి. తలుపు కూర్చోవడానికి చెక్కలో తీసిన గాడి గది వైపుకు ఉండాలి, నడవ వైపుకు ఉందంటే ఆ తలుపు నడవలోకే తెరుచుకుంటుంది. గాడి ఏ వైపుకు ఉండాలో, కీళ్ళు ఏ చేతి వైపుకు రావాలో ప్లాను మీద బాణం గుర్తులు పెట్టి ఒక కాపీ వడ్రంగికి, ఒకటి మేస్త్రీకి ముందురోజే ఇవ్వండి. గుమ్మానికి రెండు పక్కలా గోడ కట్టి బిగించాక దాన్ని తిప్పాలంటే గోడ పగలగొట్టాలి.